సముద్రజీవుల పటాలతో బతుకుతెరువు దొరుకుతుందా?

ప్రశ్న: విశాఖపట్నంలో జువాలజీతో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. వేరే సముద్రాల నుంచి వచ్చి ఇక్కడ పాతుకుపోయే జీవుల వివరాలను ఆన్‌లైన్ పటాల్లో అందరికీ అందించే పని చేయాలని ఉంది. నాన్నగారేమో ఎంసీఏ చేయమంటున్నారు. ఏం చేయాలి?

జవాబు: మీ నాన్నగారి భయాన్ని కొట్టిపారేయలేను. ఈ రంగంలో శాశ్వత ఉద్యోగాలు తక్కువ. చాలామంది పరిశోధన సంస్థల్లో తాత్కాలిక ప్రాజెక్టుల్లోనే మొదలుపెడతారు. అయినా ఈ ఇష్టాన్ని వదులుకోమని మాత్రం చెప్పను. జీవిని చూసి పోల్చుకోగలవారు ఉన్నారు, కంప్యూటర్‌లో పటాలు గీయగలవారూ ఉన్నారు. రెండూ తెలిసినవారే కరువు.

మీ ఊరి సంగతే చూడండి. కరీబియన్ ప్రాంతపు నల్లచారల ఆల్చిప్ప, మైటిలాప్సిస్ సాలీ, 1967లో విశాఖ రేవులో కనిపించింది. ఇక్కడి నుంచి అది పోలేదు. అదే జాతి 1999లో ఆస్ట్రేలియాలోని డార్విన్ నగరపు పడవల రేవుల్లో బయటపడితే వాటిని మూసేసి, నీటిలో క్లోరిన్, మైలుతుత్తం కలిపి పూర్తిగా నిర్మూలించారు. వ్యాపించకముందే కంటపడింది కాబట్టి అది సాధ్యమైంది. ఫలానా చోట, ఫలానా రోజున చూశామన్న ఒక్క వరుస సమాచారానికి అంత విలువ ఉంది.

అలాంటి వరుసలను యునెస్కో ఆధ్వర్యంలోని సముద్రజీవుల సమాచార నిధి ఓబిస్, కోపెన్‌హాగెన్ కేంద్రంగా ఉన్న అన్ని రకాల జీవుల సమాచార నిధి జీబిఫ్ ఎవరైనా దించుకునేలా ఉంచుతున్నాయి. శాస్త్రీయ నామం, తేదీ, అక్షాంశం, రేఖాంశం వంటి గడులకు డార్విన్ కోర్ అనే ఉమ్మడి పద్ధతి ఉంది. ముందు దాన్ని నేర్చుకోండి. తేలికగా కనిపిస్తుంది కానీ ఓపిక కావాలి. విశాఖ అక్షాంశం 17.7, రేఖాంశం 83.3. రెండూ తారుమారైతే మీ ఆల్చిప్ప ఆర్కిటిక్ మహాసముద్రంలో తేలుతుంది! అది వెంటనే తెలిసిపోయే తప్పు. 17 డిగ్రీల 42 నిమిషాలను 17.70 అని కాక 17.42 అని రాస్తే చుక్క 30 కిలోమీటర్లకు పైగా దక్షిణానికి జరుగుతుంది, ఎవరికీ అనుమానం రాదు. ఇలాంటి తప్పును పసిగట్టగలిగేది తీరం తెలిసిన మనిషే. వెతికినా కనిపించని రోజునూ నమోదు చేయాలి. జీవి ఎప్పుడు వచ్చిందో తేలేది ఆ ఖాళీ రోజుల వల్లే.

చదువు విషయంలో నా మాట ఇది: ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనే సముద్రజీవుల మీద ఎమ్మెస్సీకి ప్రయత్నించండి. దానితోపాటు పైథాన్ ప్రోగ్రామింగ్ భాష, పటాలు గీయడానికి ఉచితంగా దొరికే క్యూజీఐఎస్ సాఫ్ట్‌వేర్ నేర్చుకోండి. డెహ్రాడూన్‌లోని ఇస్రో శిక్షణ సంస్థ ఐఐఆర్‌ఎస్ ఆన్‌లైన్ కోర్సులూ పనికొస్తాయి. తర్వాత హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్, కొచ్చిలోని సముద్రజీవ వనరుల కేంద్రం సీఎంఎల్‌ఆర్‌ఈ వంటి సంస్థల ప్రాజెక్టు ప్రకటనలు గమనిస్తూ ఉండండి. అక్కడ కుదరకపోయినా కంప్యూటర్ పటాల పని (జీఐఎస్) తెలిసినవారికి భూముల సర్వే, నీటిపారుదల, పర్యావరణ నివేదికల పనుల్లో చోటు ఉంటుంది. నాన్నగారితో ఈ మాట తప్పక చెప్పండి.

రేవు లోపలికి అనుమతి లేకుండా వెళ్లకూడదు. తెన్నేటి పార్కు దిగువన రాళ్లు చాలు. మీ అధ్యాపకుల సాయంతో, నీరు వెనక్కి తగ్గిన వేళల్లో 20 నమోదులు చేసి, ఫొటోలతో సహా పటంగా మార్చండి. ఒక ఆదివారం నాన్నగారినీ వెంట తీసుకెళ్లి, ఒక నమోదు ఆయన చేతే రాయించండి.