సరి–బేసి లెక్కలు: ఒంటి గింజ ఎటు పోయింది?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం సరి, బేసి సంఖ్యల కూడికలు, తీసివేతల మీదే ఉన్నాయి. ఒకే రకమైన ప్రశ్నలను కలిపి జవాబులిస్తున్నాం.

ప్రశ్న: మా బాబు మూడో తరగతి. ‘సరి+సరి=సరి, బేసి+బేసి=సరి, సరి+బేసి=బేసి’ అని బడిలో రాయించారు. రాత్రి చక్కగా అప్పజెప్పుతాడు. తెల్లారి అడిగితే బేసి, బేసి కలిస్తే బేసి అంటాడు. ఎన్నిసార్లు రాయించినా ఇంతే. – ఒక తల్లి, మిర్యాలగూడ

రాయించడం ఆపేయండమ్మా. బాబు మరిచిపోవడం లేదు. సరి, సరి కలిస్తే సరి అయినప్పుడు బేసి, బేసి కలిస్తే బేసే కావాలి కదా అని ఆ వయసు పిల్లలు తమంతట తామే అనుకుంటారు. మాటగా వింటే అదే న్యాయంగా తోస్తుంది కూడా. నోటిపాఠంతో ఆ తప్పు పోదు, చేతికి గింజలు ఇవ్వాలి.

ఇరవై చింతగింజలు చాలు. గోళీలు దొర్లిపోతాయి, పల్లికాయలు లెక్క తేలేలోపు నోట్లోకి పోతాయి. నేల మీద సుద్దముక్కతో రెండు గడుల వెడల్పు, పది గడుల పొడవు ఉండేలా పట్టీ గీయండి. గడికి ఒక గింజ. ఒక వరుస నిండాకే కింది వరుసకు పోవాలి. ఆరు పెట్టమంటే మూడు వరుసలు నిండుతాయి. ఏడు పెట్టమంటే నాలుగో వరుసలో ఒక గింజ ఒంటిగా నిలబడుతుంది. మీరు అడగాల్సింది ఒక్కటే: ‘జత లేనిది ఉందా?’ ఉంటే బేసి, లేకుంటే సరి. సంఖ్యలను 1, 2, 3 అని వరుసగా ఇవ్వకండి. ఒకటి విడిచి ఒకటి చెబితే సరిపోతుందని కనిపెట్టి, గింజల వైపు చూడకుండానే జవాబు చెప్పేస్తారు. 6, 7, 10, 9, 1 ఇలా కలగాపులగంగా అడగండి. చివర్లో గింజలన్నీ తీసేసి ఖాళీ పట్టీ చూపండి. అందులో జత లేని గింజ లేదు, కాబట్టి సున్నా సరి సంఖ్యే.

మర్నాడు కూడిక. రెండు పట్టీలు గీసి ఒకదాంట్లో ఏడు, రెండోదాంట్లో అయిదు పెట్టించండి. మొత్తం లెక్కపెట్టనివ్వకండి. ‘రెండూ కలిపితే ఒంటిది మిగులుతుందా?’ అని మాత్రమే అడగండి. బాబు ఈ పట్టీలోని ఒంటి గింజను జరిపి ఆ పట్టీలోని ఒంటి గింజ పక్కన పెట్టాలి. మిగతా జతలను ఎవరూ కదపలేదన్న సంగతి అతని కంట్లో పడాలి. కీలకం అంతా ఇక్కడే ఉంది. పిల్లవాడు ‘ఒకటి, రెండు, మూడు...’ అంటూ పన్నెండు దాకా లెక్కపెట్టి ‘సరి’ అంటే జవాబు ఒప్పే. కానీ అతనికి తెలిసింది పన్నెండు సరి అని మాత్రమే. తొమ్మిది, మూడు ఇస్తే మళ్లీ మొదటికొస్తాడు. 7+5 తర్వాత 6+4, ఆ తర్వాత 6+5 చేయించండి. చివరిదాంట్లో ఒంటి గింజ ఒకటే, దానికి తోడు దొరకదు.

లెక్కపెట్టే అలవాటు మానాలంటే సంఖ్యే తెలియకుండా చేయాలి. పిడికిట్లో గింజలు పట్టి ‘సరా, బేసా?’ అని అడిగే ఆట మన ఊళ్లలో ఉన్నదే, దాన్నే కొద్దిగా మార్చండి. ఇద్దరు పిల్లలు తలా పిడికెడు గింజలు తీసుకుని, చాటుగా జతలు కట్టి చూసుకుని, ఎన్నో చెప్పకుండా ‘నాది బేసి’, ‘నాది సరి’ అని మాత్రం చెబుతారు. రెండూ కలిపితే ఏమవుతుందో మూడోవాళ్లు చెప్పాలి. తర్వాత పిడికిళ్లు విప్పి పట్టీలో పెట్టి చూసుకుంటారు. మూడో మనిషి లేకపోతే ఒక పిడికిలి మీరే పట్టండి.

ఇది చెడిపోయేది సాధారణంగా మూడు చోట్ల. పట్టీ గీయకుండా వదిలేస్తే పిల్లలు మూడేసి పేరుస్తారు, తొమ్మిది చక్కగా కుదురుతుంది, ‘సరి’ అంటారు. రెండోది, జతలు కట్టడం, ఇద్దరికి పంచడం ఒకే రోజు చూపడం. ఏడును జతలు కడితే మూడు జతలు, ఒకటి మిగులు. ఇద్దరికి పంచితే తలా మూడు, ఒకటి మిగులు. రెండూ ఒప్పే, కానీ కొత్తలో కలగలిసిపోతాయి. ముందు జతలు గట్టిపడనివ్వండి. మూడోది పెద్దల తొందర: గింజ జరపకముందే సూత్రం చెప్పేయడం.

ప్రశ్న: మా ట్యూషన్ పిల్లలు 38ని బేసి అంటారు, 70ని కూడా బేసి అంటారు. ముందున్న 3, 7 చూసి చెబుతున్నారు. – డిగ్రీ విద్యార్థిని, జడ్చర్ల

చివరి అంకె చూడమని చెప్పి ఉంటారు, ఎందుకో చెప్పి ఉండరు. చీపురుపుల్లలు పదేసి కట్టలు కట్టి ఒక కట్ట విప్పించండి. పది అంటే అయిదు జతలు, ఒంటి పుల్ల ఉండదు. కాబట్టి ఎన్ని కట్టలున్నా జతలే. వంద అంటే పది కట్టలు, అక్కడా జతలే. ఒంటి పుల్ల దాక్కునే చోటు ఒకట్ల స్థానం ఒక్కటే. 38 పక్కన 83, 70 పక్కన 307 పెట్టి అడగండి.

అభ్యాసానికి దారిన పోయే బండ్ల నంబర్లు చాలు. 2016 జనవరిలో ఢిల్లీలో సరి తేదీన సరి నంబరు బండ్లు, బేసి తేదీన బేసి నంబరు బండ్లు అని పెట్టినప్పుడు కూడా చివరి అంకెనే చూశారు, సున్నాను సరిలోనే వేశారు. చదివింపుల అంకెలూ పనికొస్తాయి. 101, 501 బేసి. శుభానికి బేసి సంఖ్య ఉండాలని వాదించేవాళ్లు కూడా చదివించే 116, 1,116 మాత్రం సరి!

ప్రశ్న: కూడిక బాగానే చెబుతున్నారు సార్. తీసివేతకు వచ్చేసరికి, ముఖ్యంగా సరిలోంచి బేసి తీయమంటే తడబడుతున్నారు. తీసివేతకు వేరే పట్టిక ఇవ్వాలా? – ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయుడు, దేవరకొండ మండలం

వద్దు. రెండో పట్టిక ఇస్తే గుర్తుపెట్టుకోవాల్సినవి రెట్టింపవుతాయి, తికమకా రెట్టింపవుతుంది.

అదే పట్టీ, అవే గింజలు. ఒక నియమం మాత్రం పెట్టండి: తీసేటప్పుడు ముందు జతలు, చివర ఒంటిది. 9లోంచి 4 తీయమంటే పిల్లలు కంటికి ముందు కనబడే ఒంటి గింజను లాగేస్తారు, ఆ తర్వాత మూడు తీయడానికి ఒక జతను విరగ్గొడతారు. మిగిలేది అయిదే, కానీ ఒంటి గింజ ఎక్కడి నుంచి వచ్చిందో వాళ్లకు అంతుపట్టదు. జతలు ముందు తీస్తే రెండు జతలు పోతాయి, పాత ఒంటి గింజ ఉన్నచోటే ఉంటుంది. 9−5లో రెండు జతలతో పాటు ఒంటిదీ పోతుంది, మిగిలినవన్నీ జతలు. మీ పిల్లలు తడబడే 8−3 సంగతి చూడండి. ఒక జత తీశాక ఇంకొక గింజ కావాలి, ఒంటిది లేదు. ఒక జతను విడదీయక తప్పదు, దాని తోడు ఒంటిగా మిగిలిపోతుంది. మిగతావాటిలో ఇలా విడదీసే పని లేదు, అందుకే ఇక్కడ ఆగిపోతున్నారు. ఈ ఒక్క రకానికి అయిదారు లెక్కలు ఎక్కువ చేయించండి.

మీ దగ్గర్లోనే మంచి లెక్క ఉంది. నాగార్జునసాగర్‌కు 26 క్రస్ట్ గేట్లు. ఏడు ఎత్తితే మూసి ఉన్నవి సరా, బేసా? ఎనిమిది ఎత్తితే? వరద రోజుల్లో పేపర్లో వచ్చే సంఖ్యతోనే రోజూ అడగొచ్చు. బేసికి సరి కలిపినా, తీసినా బేసే అనడానికి బతుకమ్మ ఉంది. అయిదు వరుసల బతుకమ్మను పెంచి కూడా వరుసలు బేసిగానే ఉండాలంటే రెండేసి పెంచాలి.

నాలుగు, అయిదు తరగతుల వాళ్లకు ఇంకో మెట్టు ఎక్కించవచ్చు. 9+4=13, 9−4=5. రెంటి మధ్య తేడా 8, అంటే రెండు నాలుగులు. ఏ రెండు సంఖ్యలకైనా కూడిక, తీసివేత ఫలితాల తేడా చిన్న సంఖ్యకు రెట్టింపే, రెట్టింపు ఎప్పుడూ సరే. అందుకే కూడితే సరి వచ్చే చోట తీసినా సరి, కూడితే బేసి వచ్చే చోట తీసినా బేసి. చివరికి పిల్లలకు మిగిలేది ఇంతే: రెండూ ఒకే రకమైతే సరి, వేరువేరు రకాలైతే బేసి. పై తరగతుల్లో 3−8=−5 వచ్చినా ఇది చెల్లుతుంది. సంఖ్యారేఖ మీద సరి, బేసి ఒకదాని తర్వాత ఒకటిగా సున్నాకు ఎడమ పక్కన కూడా అలాగే సాగుతాయి.

ప్రశ్న: రోడ్ల నంబర్లలో సరి, బేసికి దిక్కులతో సంబంధం ఉందంటారు, నిజమా? – పాఠకుడు, సూర్యాపేట

జాతీయ రహదారులకు నిజమే. 2010లో నంబర్లు మార్చినప్పుడు ఉత్తర–దక్షిణంగా పోయేవాటికి సరి, తూర్పు–పడమరగా పోయేవాటికి బేసి ఇచ్చారు. మీ ఊరి మీదుగా మచిలీపట్నం పోయేది 65, జడ్చర్ల, కొత్తకోట మీదుగా కన్యాకుమారి దాకా పోయేది 44. మూడంకెల నంబర్లకు మాత్రం ఈ లెక్క పట్టకండి. చివరి రెండంకెలు అసలు రహదారివి, ముందున్నది శాఖది. నకిరేకల్ నుంచి నల్లగొండ మీదుగా సాగర్ వైపు పోయే 565, కల్వకుర్తి మీదుగా శ్రీశైలం వైపు పోయే 765 రెండూ బేసే, రెండూ దక్షిణానికే పోతాయి.

ప్రశ్న: పరీక్షలో ఒక మార్కు ప్రశ్న తప్ప దీనితో ఏం లాభం? – ఒక తండ్రి, నల్లగొండ

చేసిన లెక్కను క్షణంలో సరిచూసుకోవచ్చు. 347+268: ఒకటి బేసి, ఒకటి సరి, జవాబు బేసి కావాలి. పిల్లవాడు 614 రాస్తే మళ్లీ కూడకుండానే తప్పని తెలిసిపోతుంది. అసలు జవాబు 615.

అయితే దీని హద్దు కూడా పిల్లలకు చెప్పాలి, చాలామంది చెప్పరు. చేతిలో ఉంచుకున్న పదిని మరిచిపోయి 605 రాస్తే ఈ పరీక్ష పట్టుకోలేదు. తప్పిపోయింది పది, అది సరి సంఖ్య, కాబట్టి బేసి బేసిగానే ఉండిపోయింది. తీసివేతలో పరిస్థితి ఇంకా ఇబ్బంది. 52−27 చేసేటప్పుడు రెండులోంచి ఏడు పోదు కదా అని తిరగేసి ఏడులోంచి రెండు తీసి 35 రాయడం పిల్లలు చాలా తరచుగా చేసే తప్పు. అసలు జవాబు 25. రెండూ బేసే! ఏ అంకెలోంచి ఏది తీసినా తేడా అదే రకంగా ఉంటుంది గనక తిరగేసిన తీసివేత ఈ పరీక్షలో ఎప్పుడూ దొరకదు.

వాటికి తొమ్మిది పరీక్ష నేర్పండి. అంకెలను ఒక్క అంకె వచ్చేదాకా కూడాలి, తొమ్మిది వస్తే సున్నాగా తీసుకోవాలి. 347కు 5, 268కి 7, కలిపితే 12, అంటే 3. 615కు 3, సరిపోయింది. 605కు 2, దొరికిపోయింది. 52కు 7, 27కు సున్నా, తేడా 7. 25కు 7 వస్తుంది, 35కు 8. అంకెలు తారుమారై 615 బదులు 651 పడితే మాత్రం ఇదీ పట్టదు. సరి–బేసి కూడా పట్టదు, రెండూ బేసే కదా. అక్కడ మళ్లీ కూడి చూసుకోవాల్సిందే.

ప్రశ్న: 1, 3, 5, 7, 9, 11, 13, 15... వీటిలో మూడు కూడితే 30 రావాలని మా అన్న పందెం కట్టాడు. ఒకే సంఖ్య రెండుసార్లు వాడినా ఫర్వాలేదట. నాకు రావడం లేదు. – ఆరో తరగతి విద్యార్థి, కొల్లాపూర్

రాదు నాన్నా. రెండు బేసి సంఖ్యల ఒంటి గింజలు జతకడతాయి, మూడోదానికి తోడు లేదు. మూడు బేసి సంఖ్యల మొత్తం బేసే, ముప్పై సరి. ఎన్ని సంఖ్యలు కూడినా వాటిలో బేసివి ఎన్ని ఉన్నాయో చూస్తే చాలు. అవి సరిసంఖ్యలో ఉంటే మొత్తం సరి, లేకుంటే బేసి. మీ అన్న 9ని తలకిందులు చేసి 6 అనిపించి 6+11+13 చూపిస్తే పందెం ఒప్పుకోకు.

నువ్వూ అతనికి రెండు ఇవ్వు. ఒకటి: రూపాయి, అయిదు రూపాయల బిళ్లలే వాడి సరిగ్గా ఏడు బిళ్లలతో ఇరవై రూపాయలు ఇవ్వమను. ఏడు బేసి సంఖ్యల మొత్తం ఇరవై కాదు. రెండోది: 1 నుంచి 10 దాకా రాసి, మధ్యలో కూడిక, తీసివేత గుర్తులు ఎలాగైనా పెట్టి సున్నా తెప్పించమను. అన్నీ కూడితే 55. ఒక కూడిక గుర్తును తీసివేతగా మారిస్తే ఆ సంఖ్యకు రెట్టింపు తగ్గుతుంది, రెట్టింపు సరి గనక ఎన్ని గుర్తులు మార్చినా జవాబు బేసిగానే ఉంటుంది. సున్నా సరి. 9 వరకు ఇచ్చినా మొత్తం 45, రాదు. 8 వరకైతే మొత్తం 36, వస్తుంది: 1−2−3+4+5−6−7+8. 11 వరకూ వస్తుంది: 1+2−3 సున్నా, 4−5−6+7 సున్నా, 8−9−10+11 సున్నా. 12కు గుర్తులు ఎలా పెట్టాలో 8ని చూసి నువ్వే రాయి.