సినిమా చూడకుండా ఆ సంగీతం వినవచ్చా?

సినిమా సంగీతాన్ని వైబ్రఫోన్ (లోహపు పలకలను కొట్టి వాయించే వాద్యం) మీద జాజ్‌గా మలచిన ఆల్బమ్ ఒకటి చెప్పమన్నారు. సినిమా చూడకపోతే అర్థమవుతుందా అని కూడా అడిగారు. నేను ముందు ఆల్బమ్ విని, చాలాకాలానికి సినిమా చూసినవాణ్ని. మోడర్న్ జాజ్ క్వార్టెట్ అనే నలుగురు వాద్యకారుల బృందం వారి ‘ఆడ్స్ అగెయిన్‌స్ట్ టుమారో’తో మొదలుపెట్టండి.

అదే పేరుతో 1959లో రాబర్ట్ వైజ్ తీసిన బ్యాంకు దోపిడీ సినిమాలోని సంగీతమే ఈ ఆల్బమ్‌కు ఆధారం. సంగీతం కూర్చింది ఈ క్వార్టెట్ పియానిస్టు జాన్ లూయిస్. సినిమాకు 20 మందికి పైగా వాద్యకారులు వాయించారు. ఆ బాణీల్లో ఆరింటిని అదే ఏడాది లూయిస్ తన నలుగురి బృందంతోనే మళ్లీ రికార్డు చేశారు. బాకాల హోరు పోయి మిగిలిన జాగాలో మిల్ట్ జాక్సన్ వైబ్రఫోన్ వినిపిస్తుంది.

దాచడమెందుకు, మొదటిసారి నాకు నచ్చలేదు. హోటల్ లిఫ్టులో వచ్చే సంగీతంలా తోచింది. తర్వాత ఒక సంగీత పాఠశాలలో వైబ్రఫోన్‌ను ముట్టుకునే అవకాశం వచ్చింది. అల్యూమినియం పలకలు, కింద గొట్టాలు, వాటి మూతుల దగ్గర మోటారుతో తిరిగే బిళ్లలు. పెడల్ తొక్కి ఒక పలకను కొడితే నాదం ఊగుతూ చాలాసేపు నిలిచింది. కాలు తీయగానే తెగిపోయింది. జాక్సన్ ఆ మోటారును బాగా నెమ్మదిగా తిప్పేవారట. అందుకే ఆయన స్వరంలో వణుకు ఉండదు, నిదానంగా ఊపిరి తీస్తున్నట్టు ఉంటుంది.

ఆ రాత్రే ఆల్బమ్‌లోని ‘స్కేటింగ్ ఇన్ సెంట్రల్ పార్క్’ మళ్లీ పెట్టాను. మూడు దెబ్బల తాళంలో నడిచే నృత్యబాణీ, వాల్ట్జ్ అది. ఈసారి ఆయన ఏ స్వరాన్ని ఎక్కడ ఆపుతున్నారో గమనిస్తూ కూర్చున్నాను. వరసగా నాలుగుసార్లు విన్నాను.

అందులోనే ఉన్న ‘నో హ్యాపినెస్ ఫర్ స్లేటర్’ అనే బాణీనయితే, ఆ స్లేటర్ ఎవరో తెలియకుండానే నెలల తరబడి విన్నాను. సినిమాలో చూస్తే అతను నల్లజాతివారంటే గిట్టని దొంగ! నేనేమో ఎవరో పాపం దురదృష్టవంతుడని జాలిపడుతూ వచ్చాను.

ఇది నచ్చితే పియానిస్టు బిల్ ఎవాన్స్, గిటారిస్టు జిమ్ హాల్ కలిసి చేసిన ‘అండర్‌కరెంట్’ ఆల్బమ్ వినండి. ఇద్దరూ ఆ సినిమా వాద్యబృందంలో ఉన్నవారే. ఆ వాల్ట్జ్‌ను 1962లో పియానో, గిటార్‌లతో వాయించారు. వైబ్రఫోన్ మాత్రం అందులో దొరకదు.