అస్థికలు కాశీకే తీసుకెళ్ళాలా, గోదావరిలో కలిపితే సరిపోతుందా?

గోదావరి చాలండీ. మీ అమ్మగారి అస్థికల గురించి బంధువులు తలో మాటా అంటున్నారని రాశారు కదా, మా ఇంట్లోనూ అదే జరిగింది. నాన్నగారు హైదరాబాదులో పోయారు. కాశీ తప్ప వేరే మాట వద్దన్నారు పెదనాన్న. పురోహితుడు సర్దిచెప్పారు: పదో రోజు లోపు దగ్గర్లో పారే నీళ్ళలో కలిపెయ్యండి, కాశీకి కావాలంటే కాస్త విడిగా మూటగట్టి ఉంచుకోండి అని. ఆ మూట తర్వాత పెదనాన్నే పట్టుకెళ్ళారు. బతికున్నన్నాళ్ళూ ఉత్తరాదికి వెళ్ళని నాన్నగారు, అలా వెళ్ళారు.

చితి మీద దహనమైతే మర్నాడో మూడోనాడో సంచయనం. నీళ్ళూ పాలూ చల్లి, చల్లారాక కాళ్ళ వైపు నుంచి తల వైపుకి ఎముకలు ఏరి కొత్త కుండలో వేస్తారు. కరెంటు శ్మశానంలో అదేరోజు ట్రేలో ఇచ్చేస్తారు. చీటీ మీద పేరు సరిచూసుకోండి. కుండకి గుడ్డ కట్టి శ్మశానంలోనే చెట్టుకి వేలాడదీస్తారు. ఇంట్లోకి తేరు. మేమూ తేలేదు, నేరుగా రైలెక్కాం.

రాజమండ్రిలో కోటిలింగాల రేవుకి వెళ్ళాం. మెట్ల దగ్గరే వదిలితే ఒడ్డునే ఉండిపోతాయని పడవ కట్టించుకుని లోతు ఉన్నచోటికి వెళ్ళాం. పడవకెంత, పిండప్రదానం చేయించే ఆయనకెంత అన్నది ఎక్కకముందే తేల్చుకోండి. ఆ పరిస్థితిలో బేరమాడలేం, వాళ్ళకీ ఆ సంగతి తెలుసు. ప్లాస్టిక్ సంచులు మాత్రం నీళ్ళలో వెయ్యకండి, దయచేసి. మీది తెలంగాణ అయితే బాసర, ధర్మపురి, కాళేశ్వరం ఉన్నాయి. కాళేశ్వరంలో ప్రాణహిత గోదావరిలో కలుస్తుంది. కృష్ణ వైపు వాళ్ళకి బీచుపల్లి, విజయవాడ.

మీ తమ్ముడు సొంత పొలంలో చల్లుదామంటున్నాడని కోప్పడకండి. నెహ్రూ 1954లో రాసిన వీలునామాలో, తన చితాభస్మం ఓ గుప్పెడు అలహాబాదు దగ్గర గంగలో వేసి, ఎక్కువ భాగం విమానం మీంచి రైతుల పొలాల్లో చల్లమన్నారు. 1964లో అలాగే చేశారు.

ఇక ఎవరైనా అమెరికాలో పోతే అక్కడి నుంచి అస్థికలు తేవడం. మా బావగారి విషయంలో చూశాను. అక్కడ ఎముకల్ని పొడి చేసి పెట్టెలో పోసి ఇస్తారు, రెండు మూడు కిలోలుంటుంది. లోహపు పాత్ర వద్దు, చెక్కదో ప్లాస్టిక్‌దో తీసుకోండి. ఎక్స్‌రేలో లోపలిది కనబడకపోతే విమానాశ్రయంలో తనిఖీ దాటనివ్వరు. మరణ ధ్రువపత్రం, దహనం చేసినట్టు పత్రం దగ్గరుంచుకోండి. భారత కాన్సులేట్ నుంచి నిరభ్యంతర పత్రం తీసుకున్నాకే టికెట్టు కొనుక్కోండి.

మీ అమ్మగారు ఎప్పుడైనా ఫలానా చోటని అని ఉంటే ఇదంతా పక్కన పెట్టి అక్కడికే వెళ్ళండి.