పురుగుమందు కొట్టే రైతుకు ఉసిరికాయ రక్షణ ఇస్తుందా?

చిత్తూరు దగ్గర తోతాపురి మామిడి తోటలో పురుగుమందు కొడుతున్నాను, రోజూ ఉసిరికాయ తింటే వీర్యానికి దెబ్బ తగలదా అని ఒక రైతు అడిగారు. కొంత మేలే, కానీ దాన్నే నమ్ముకోకండి.

వీర్యకణం పైపొరలో త్వరగా ఆక్సీకరణ చెందే కొవ్వులు ఎక్కువ, తనను తాను బాగుచేసుకునే శక్తి తక్కువ. కొన్ని పురుగుమందులు ఒంట్లో ఫ్రీ రాడికల్స్‌ను (కణాలను ఆక్సీకరణతో దెబ్బతీసే చురుకైన అణువులను) పెంచి ఆ పొరను, లోపలి డీఎన్ఏను దెబ్బతీస్తాయి. ఉసిరిలోని విటమిన్ సి, పాలీఫినాల్స్, టమాటాలోని లైకోపీన్ వాటిని అడ్డుకుంటాయి. అయితే ఈ రుజువులు ఎక్కువగా ఎలుకల మీదివే.

మందు ఒంట్లోకి పోయే పెద్ద దారి చర్మం. పై కొమ్మలకు కొట్టేటప్పుడు తుంపర మీదే పడి చొక్కా వీపుకి అతుక్కుంటుంది కదా, దయచేసి ఆ చొక్కాతోనే అన్నానికి కూర్చోకండి. వెంటనే విప్పేసి సబ్బుతో స్నానం చేయండి. వీర్యకణం తయారవడానికి సుమారు 74 రోజులు పడుతుంది కాబట్టి, జాగ్రత్తలు మొదలుపెట్టిన మూడు నెలలకు వీర్య పరీక్ష చేయించుకోండి.