చామంతి వ్యాసం గురించి తమ్ముడికి

నల్లగొండ

తమ్ముడూ,

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. మొదటి పేరా కొట్టేశాను, ఏమనుకోకు. పూలు ప్రకృతి ఇచ్చిన వరమని రాశావు. చామంతి పెట్టుకుందామని చూసే మనిషికి ఆ మాటతో పనేముంది? పూత అయిపోయిన మొక్కను మీ అమ్మ పీకబోతే అడ్డం పడ్డానని రెండో పేజీలో ఒక్క వాక్యం ఉంది చూడు, అక్కడ మొదలుపెట్టు.

బతుకమ్మలో పక్కపక్కనే పేరుస్తాం కాబట్టి బంతీ చామంతీ ఒక తీరే అనుకుంటారు చాలామంది. బంతి పూసి ఎండిపోతుంది, గింజ దాచుకోవాలి. చామంతి చావదు. పూత అయ్యాక నేలకు నాలుగు వేళ్ల ఎత్తున కోసేస్తే మొదట్లోంచి పిలకలు లేస్తాయి. నువ్వేమో విత్తనాలు చల్లమన్నావు. గింజ మొక్క తల్లిలాగే పూస్తుందన్న నమ్మకం లేదు. అందుకే పిలకైనా కొమ్మ కొసైనా నాటుతాం. ఈ ముక్క ఎక్కడో చదివి రాసినట్టుంది, చేసి రాసింది కాదు.

'తగినంత నీరు' అన్న మాట ఎక్కడున్నా తీసెయ్యి. మన ఎర్ర చెలకలో నీళ్లు ఇట్టే ఇంకుతాయి. అదే మట్టి కుండీలో పోసి, అడుగు చిల్లు మూసుకుపోతే వేరు కుళ్లుతుంది. వేలు పెట్టి చూడమని రాయి. మూడు నాలుగు అంగుళాల కొస, కింది ఆకులు తుంచి, తడి ఇసుకలో, నీడన పెడితే రెండు మూడు వారాలకు వేరు పడుతుంది. ఇది గబగబా చెప్పి వదిలెయ్.

నిలవాల్సింది నువ్వు చేసిన పొరపాటు దగ్గర. నా పొరపాటు ఒకటి చెబుతా, అలా రాయి. ఒక ఏడు మా వాకిట్లో కుండీల్లో చామంతులు ఏపుగా పెరిగాయి, సంక్రాంతి దాటినా ఒక్క మొగ్గ లేదు. పెరట్లో అవే పిలకలు విరగబూశాయి. ఎరువు మార్చాను, మందు కొట్టాను. పక్కింటావిడ దిష్టి అంది. చివరికి చూస్తే రాత్రంతా వాటి మీద వీధి దీపం! రాత్రి పొడుగైతేనే చామంతికి మొగ్గ పడుతుంది. వెలుగు పడుతుంటే దాని లెక్కలో ఇంకా ఎండకాలమే.

నాటిన నెలకు తలలు గిల్లే సంగతి నువ్వు రాయనే లేదు. పక్క కొమ్మలు వచ్చి పూలు ఎక్కువవుతాయి. మొదటిసారి గిల్లడానికి చేయి రాదు, భలే టెన్షన్. నీకెలా అనిపించిందో రాయి.

తిరగరాసి తీసుకురా. వచ్చేటప్పుడు ఆ పసుపు చామంతి పిలకలు నాలుగు తడి గుడ్డలో చుట్టుకురా. చావదని పైన రాశాను గానీ, నావి మొన్న మే నెల ఎండకు పోయాయి.

ఇట్లు,
మీ అన్న