వాయిదాల మీద పెద్ద ప్లేనరా, దాచుకున్న డబ్బుతో చిన్నదా?

ప్రశ్న: ఇంట్లో ఒక చిన్న గదిలో చెక్కపని చేసుకుంటాను. అది నా ఉద్యోగం కాదు, సెలవు రోజుల పని. అప్పుడప్పుడు తెలిసినవాళ్లు బల్లలు, అలమరలు చేయించుకుంటారు. చెక్కను అంతటా ఒకే మందానికి చిత్రిక పట్టే మెషీన్, అంటే థిక్‌నెస్ ప్లేనర్ కోసం కొంత డబ్బు దాచాను. టేబుల్ మీద పెట్టుకునే చిన్న మెషీన్‌కు అది సరిపోతుంది. స్పైరల్ కట్టర్ (పొడవాటి బ్లేడ్లకు బదులు చిన్న చిన్న కోత ముక్కలు మెలికగా బిగించినది) ఉన్న పెద్దది దాదాపు రెట్టింపు ధర, మిగతాది వాయిదాల్లో కట్టాలి. ఏది తీసుకోమంటారు?

జవాబు: వాయిదాలు వద్దండి. మీరు రాసినదాంట్లో నన్ను ఆపిన మాట 'అప్పుడప్పుడు'. ఆర్డర్లు ఎప్పుడో వస్తాయి, వాయిదా మాత్రం నెలనెలా కట్టాల్సిందే. ఆర్డర్ లేని నెలల్లో అది ఇంటి ఖర్చుల్లోంచి పోతుంది. సరదాగా చేసుకునే పని కాస్తా టెన్షన్ అవుతుంది.

అలాగని దాచిందంతా మెషీన్ మీదే పెట్టకండి. ముందు ఒక విషయం చూసుకోవాలి. ప్లేనర్ మందాన్ని సమం చేస్తుందే గానీ వంకరను తీయదు. వంగిన బల్లను, అంటే చెక్క పలకను, లోపలికి పెడితే రోలర్లు దాన్ని అణిచి పట్టుకుంటాయి, బ్లేడ్లు పైపొర తీసేస్తాయి, బయటికి రాగానే బల్ల మళ్లీ వంగుతుంది. అందుకే ముందు ఒక ముఖాన్ని తిన్నగా చేయాలి. ఆ పనికి జాయింటర్ అని వేరే మెషీన్ ఉంది. ఈ సంగతి కొన్నాక తెలిస్తే బడ్జెట్ తలకిందులవుతుంది. మీ స్థాయి పనికి జాయింటర్ అక్కర్లేదు. తిన్నని మందపాటి ప్లైవుడ్ మీద బల్లను పెట్టి, ఊగే చోట్ల సన్నని చీలికలు దూర్చి, కదలకుండా బిగించి ప్లేనర్‌లోకి పంపితే పై ముఖం సమం అవుతుంది. తర్వాత తిప్పి మామూలుగా చిత్రిక పట్టుకోవచ్చు. కాస్త ఓపిక కావాలి, ఖర్చు దాదాపు లేదు.

మీ దగ్గరున్న డబ్బును 100 అనుకుందాం. మెషీన్‌కు 65 దాటకండి. మిగతాది పొట్టు లాగే డస్ట్ కలెక్టర్, మాస్క్, చెవి రక్షణ, అదనపు బ్లేడ్లకు ఉంచండి. చిన్న ప్లేనర్ల మోటార్ చాలా పెద్ద శబ్దం చేస్తుంది, పొట్టు కూడా బస్తాల కొద్దీ వస్తుంది. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ చెక్క ధూళిని క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది. మీరు పనిచేసేది ఇంటి గదిలో. ఈ ఖర్చును తర్వాత చూద్దామని మాత్రం వదిలేయకండి, ఇది నా గట్టి మాట.

అసలు కొనాలా అన్నది కూడా లెక్క వేయండి. గత ఏడాది ఎన్ని బల్లలకు బయట చిత్రిక పట్టించారు, ఎంత ఇచ్చారు? మెషీన్, సరంజామా కలిపి 100 అయ్యి, బయట ఏడాదికి 24 ఇస్తున్నారనుకుందాం. సొంత మెషీన్‌కు బ్లేడ్లు, కరెంటు కలిపి 4 పోతే ఏడాదికి మిగిలేది 20. అంటే పెట్టుబడి తిరిగి రావడానికి 5 ఏళ్లు. అంతకంటే ఎక్కువ పడితే ఇప్పటికి బయట చేయించుకోవడమే నయం. ముడి చెక్క చవకగా వస్తుందని కూడా కొంటారు. అయితే అంగుళం మందం ముడి బల్ల రెండు వైపులా చిత్రిక పట్టాక ముప్పావు అంగుళం దగ్గర తేలుతుంది. కాబట్టి ధరలు పోల్చేటప్పుడు చివరికి మిగిలే మందాన్నే చూడండి.

కొనడానికే నిర్ణయించుకుంటే, 12 లేదా 13 అంగుళాల వెడల్పున్న టేబుల్ మెషీన్ చాలు. మూడు బ్లేడ్లది దొరికి, ఆ 65లో వస్తే అదే తీసుకోండి. డివాల్ట్ కంపెనీ 735 లాంటి వాటికి బల్లను లోపలికి లాగే వేగాలు రెండు ఉంటాయి. నెమ్మది వేగంలో అంగుళానికి 179 కోతలు పడతాయి, ముఖం నున్నగా వచ్చి ఇసుక కాగితం పని తగ్గుతుంది. స్పైరల్ కట్టర్ మంచిదే, ముక్క మొద్దుబారితే తిప్పి కొత్త అంచు వాడుకోవచ్చు. కానీ ఆ లాభం రోజూ నడిపేవాళ్లకు త్వరగా చేతికొస్తుంది, మీకు ఏళ్లు పడుతుంది. బ్లేడ్లను కాపాడుకోవడం మీ చేతుల్లోనే ఉంది. పాత తలుపుల చెక్క పెట్టే ముందు మేకులు వెతకండి, ఒక్కసారికి మిల్లీమీటరున్నరకు మించి తీయకండి, గట్టి చెక్కయితే ఇంకా తక్కువ.

సెకండ్ హ్యాండ్‌లో పెద్ద మెషీన్ చవకగా కనబడితే, మోటార్ త్రీ ఫేజ్‌దో కాదో అడిగాకే బేరం మొదలుపెట్టండి, మీ ఇంటి కరెంటు సింగిల్ ఫేజ్ అయితే అది నేరుగా నడవదు.