రాత్రిపూట సకినాల డబ్బా దగ్గరికి నడిపించేది ఆకలేనా?

అక్కా, నల్లగొండకు బదిలీ అయినప్పటి నుంచి ఆఫీసులో మాట పడిన ప్రతి రాత్రీ సకినాల డబ్బా సగం ఖాళీ చేస్తున్నానని, ఆ బాధతో మరునాడు మధ్యాహ్నం దాకా ఏమీ తినడం లేదని మీరు రాశారు. నా అభిప్రాయంలో అసలు చిక్కు సకినాల కన్నా ఆ పస్తులోనే ఎక్కువగా ఉంది.

కడుపు ఆకలి మెల్లగా పెరుగుతుంది, జొన్నరొట్టె, పప్పు పెట్టినా తీరుతుంది. మనసు ఆకలి ఉన్నట్టుండి పుట్టి, ఫలానాదే కావాలని పట్టుబడుతుంది, కడుపు నిండినా ఆగదు. ఒత్తిడి రోజుల తరబడి సాగినప్పుడు కార్టిసాల్ అనే హార్మోను ప్రభావంతో చాలామందికి మనసు నూనె, తీపి పదార్థాల మీదికి మళ్లుతుంది; దానికి తోడు పస్తుంటే గ్రెలిన్ అనే ఆకలి హార్మోను కూడా పెరుగుతుంది కనుక, రాత్రికి మీ నిగ్రహం సడలడంలో వింతేమీ లేదు.

కాబట్టి ముందు పొద్దున తప్పకుండా తినండి. రాత్రి డబ్బా మూత తీసే ముందు, ఆ రోజు ఏ మాట నొప్పించిందో రెండు వాక్యాలు రాసి పది నిమిషాలు ఆగండి; అప్పటికీ కావాలనిపిస్తే రెండు సకినాలు పళ్లెంలో పెట్టుకుని, కూర్చుని తినండి. డబ్బాను అటక మీద దాచడం వల్ల లాభం లేదు, మా ఇంట్లో నిచ్చెన వేసుకున్నవాళ్లున్నారు. ఆపుకోలేకుండా తినడం వారానికి ఒకసారైనా చొప్పున మూడు నెలలుగా సాగుతున్నట్లయితే మాత్రం మానసిక వైద్యులను కలవండి. ప్రభుత్వం నడిపే మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలీ మానస్ నంబరు 14416కు ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.